మధ్యలో లేచి రాకండి!

1949లో వచ్చిన ‘ది థర్డ్ మ్యాన్’ చూశారా? ఇంగ్లీషు బొమ్మ, నలుపు తెలుపు. దర్శకుడు కెరోల్ రీడ్, కథ గ్రాహం గ్రీన్‌ది. యుద్ధం ముగిసిన వియన్నా నగరం. అందులో ఆర్సన్ వెల్స్ వేసిన హ్యారీ లైమ్ అనే పెద్దమనిషి చేసే వ్యాపారం ఏమిటో తెలుసా? మిలటరీ ఆస్పత్రుల్లోంచి పెన్సిలిన్ కాజేయడం, దాన్ని పల్చన చేసి బ్లాకులో అమ్మడం! పేరుకి మందే, పనిచేసే బలం మాత్రం ఉండదు. ఆ మందు ఎక్కిన పసిపిల్లల గతి ఏమైందో ఆస్పత్రి సీనులో తెలుస్తుంది. పిల్లల్ని చూపించకుండానే గుండె పిండేస్తాడు దర్శకుడు.

వాణ్ణి తిట్టుకుంటూ హాల్లోంచి బయటికొస్తాం, బాగానే ఉంది. మరి ఇంచుమించు అదే పని మన ఒంటికి మనమే చేసుకుంటున్నామంటే నమ్ముతారా?

వియన్నా దాకా ఎందుకు, మన కడప జిల్లా తుమ్మలపల్లెకే రండి. యురేనియం గనితో దేశమంతా పేరు తెలిసిన ఊరు. అక్కడి కుర్రాడొకడు పులివెందులలో ఆట చూసి వస్తూ మందుల షాపు ముందు ఆగాడనుకుందాం.

“అన్నా, జలుబు, జ్వరం. గట్టి మాత్రలు రెండియ్యి.”

“ఎన్ని దినాలబ్బీ?”

“నిన్నటి నుంచే. రేపటికల్లా తగ్గిపోవాల.”

షాపాయన కత్తెరతో స్ట్రిప్పులోంచి రెండు కత్తిరించి ఇస్తాడు. డాక్టరు లేడు, చీటీ లేదు. ఇలాంటి సీను మన రాష్ట్రంలో ఏ ఊళ్లో జరగడం లేదు చెప్పండి?

మొదటి తప్పు ఏమిటంటే, మామూలు జలుబు తెప్పించేది వైరస్. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాని. విలన్ ఒకడైతే ఇంకొకణ్ణి పట్టుకుని తన్నినట్టే! రెండో తప్పు, ఒకవేళ నిజంగానే బ్యాక్టీరియా అయినా రెండు మాత్రలతో అది చావదు. బలహీనమైనవి పోయి, మొండివి మిగులుతాయి. పెన్సిలిన్‌ని కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పటి ఉపన్యాసంలోనే ఈ ముక్క చెప్పాడు. చాలీచాలని మోతాదు వేసుకుంటే సూక్ష్మజీవులకి మందుని తట్టుకోవడం నేర్పినట్టవుతుందని! మనం ఎనభై ఏళ్లుగా ఆ పాఠమే వాటికి శ్రద్ధగా చెబుతున్నాం.

ఇంతకీ ఆ షాపులో దొరికే మందుల్లో డాక్సీసైక్లిన్ అనేది ఒకటి ఉంది. దాని వంశ వృక్షంలో మన తెలుగువాడున్నాడు! 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకి అధిపతి. ఆయన హయాంలోనే డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్, మిస్సోరి విశ్వవిద్యాలయం పొలం మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందు తీశాడు. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో పెద్దన్న. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ కుటుంబంలోనిదే డాక్సీసైక్లిన్, 1967లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది.

ఈ మందు విలువ తెలియాలంటే స్క్రబ్ టైఫస్ గురించి వినాలి. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగుల పిల్లలు కుడితే వచ్చే జ్వరం ఇది. మన రాయలసీమలోనూ ఉంది. తోటల్లో పనిచేసేవాళ్లూ, పశువుల్ని మేపేవాళ్లూ జాగ్రత్త. విపరీతమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు. కొందరికి చంకలోనో గజ్జల్లోనో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ. నొప్పి పుట్టదు కనుక ఎవరూ పట్టించుకోరు. డాక్టరు బట్టలు తప్పించి చూడబోతే సిగ్గుపడకండి! ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. వేళకి డాక్సీసైక్లిన్ పడితే సాధారణంగా రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. అక్కడే చిక్కు! “తగ్గింది కదా” అని మానేస్తే జ్వరం తిరగబెట్టొచ్చు. ఎన్ని రోజులన్నది జబ్బుని బట్టి డాక్టరు చెప్పాలి గానీ, మనం ఇంటర్వెల్‌లో లేచి రాకూడదు.

మొటిమలకి కూడా డాక్టర్లు ఈ మందే రాస్తుంటారు. హీరో బుగ్గల్లా నున్నగా కావాలని స్నేహితుడి స్ట్రిప్పులోంచి మీరు లాక్కుని మింగొద్దు. మొటిమలకే వాడే ఐసోట్రెటినాయిన్‌తో కలిపి వేసుకుంటే తలలో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది.

చీటీ ప్రకారమే వాడుతున్నా, ఈ మందుకి కొన్ని పట్టింపులున్నాయి. నిండు గ్లాసుడు నీళ్లతో, కూర్చునో నిలబడో మింగాలి. తర్వాత అరగంట దాకా పడుకోకూడదు. గొంతు కింద ఇరుక్కుంటే అన్నవాహిక పుండు పడుతుంది. ఖాళీ కడుపున వికారం అనిపిస్తే అన్నం తిన్నాక వేసుకోండి, కానీ పాలతో వద్దు. గ్యాస్ మందు, ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ రెండు మూడు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది. మన కడప ఎండ సంగతి చెప్పాలా? నిండు చేతుల చొక్కా, తలకి తువ్వాలు తప్పవు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి గానీ తర్వాత రెండు కలిపి మింగకండి. గర్భిణులకీ, చిన్నపిల్లలకీ డాక్టరు చెప్పనిదే ఇవ్వొద్దు. దద్దుర్లు, ఆయాసం, చూపు మసకతో తీవ్రమైన తలనొప్పి వస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.

ఈ ఆదివారం మ్యాట్నీకి వెళ్లే ముందు ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరవండి. స్ట్రిప్పు మీద నిలువునా ఎర్రగీత కనిపిస్తే, డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందని అర్థం. ఆ గీత ఉన్న స్ట్రిప్పులో సగం మాత్రలు మిగిలి ఉన్నాయా? అయితే వాటిని తమ్ముడి జలుబు కోసం దాచకండి. ఎవరి కోర్సు సగంలో ఆగిందో ఇంట్లో అడగండి!