పోయిన కూలి ఎవరిస్తారు?

2025 మార్చి 27న ఇంగ్లండ్ రగ్బీ సమాఖ్య ఆర్‌ఎఫ్‌యూ ప్రత్యేక సర్వసభ్య సమావేశం జరిగింది. సీఈఓ బిల్ స్వీనీని తప్పించాలన్న తీర్మానానికి అనుకూలంగా 206, వ్యతిరేకంగా 466 ఓట్లు వచ్చాయి. ఆయన పదవి నిలబడింది. సమాఖ్య 3 కోట్ల 79 లక్షల పౌండ్ల నిర్వహణ నష్టం చూపించిన ఏడాదిలోనే ఆయనకు బోనస్‌తో కలిపి సుమారు 11 లక్షల పౌండ్లు ముట్టడమే ఆ తీర్మానానికి కారణం. సిబ్బందిలో పదుల మందిని ఇంటికి పంపిన కాలం కూడా అదే.

పత్రికలు దీన్ని పెద్దాయన జీతం గొడవగా రాశాయి. జీతం గొడవే, కాదనను. కానీ చెయ్యెత్తిన వాళ్లలో ఎక్కువమంది అమెచ్యూర్ క్లబ్బుల వాళ్లు. మైదానంలో గడ్డి వాళ్లే కోసుకుంటారు, జెర్సీలు వాళ్లే ఉతుక్కుంటారు, రెండు వారాలకోసారి బస్సు మాట్లాడుకుని ఇంకో ఊరు వెళ్లి లీగ్ మ్యాచ్ ఆడి వస్తారు. అట్టడుగు ఆటను పట్టించుకోవడం లేదన్నది వాళ్ల పాత ఫిర్యాదు. ఆ కోపం ఎక్కడ పుడుతుందో తెలియాలంటే సమావేశ మందిరాన్ని వదిలి ఆ బస్సెక్కాలి.

సొంత మైదానంలో మ్యాచ్ అయితే ఆటగాడికి ఒక పూట పోతుంది. పరాయి మైదానంలో అయితే రోజంతా పోతుంది. బస్సు అద్దె, తిండి, దెబ్బ తగిలితే సోమవారం పనికి పోలేకపోవడం, అన్నీ సొంత ఖాతాలోనే. శనివారం గోదాములోనో, సూపర్‌మార్కెట్‌లోనో, వృద్ధాశ్రమంలోనో షిఫ్టు ఉన్న మనిషి సొంత ఊళ్లో మ్యాచ్‌కు ఎలాగోలా వస్తాడు. బయటి ఊరి మ్యాచ్‌కు రాలేడు. బయటికి వెళ్లే రోజు జట్టులో తలలు తగ్గుతాయని అమెచ్యూర్ క్లబ్బుల్లో అందరికీ తెలుసు. ఈ భారం నిజమేనని సమాఖ్య కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. 2022-23 సీజన్ నుంచి కింది స్థాయి లీగుల్లో జట్ల సంఖ్యను 14 నుంచి 12కు తగ్గించి, ప్రయాణాలు తగ్గేలా గ్రూపులు మార్చింది. అంటే ఏడాదికి 13 బయటి మ్యాచులకు బదులు 11. ఉపశమనమే. ఆ పదకొండు శనివారాల కూలి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ సంగతి ఎత్తినందుకే ఒకసారి రగ్బీ రెండు ముక్కలైంది. 1893 నాటికి ఉత్తర ఇంగ్లండ్‌లో రగ్బీ ఆడేది ఎక్కువగా గని కార్మికులు, మిల్లు కార్మికులు, రేవు కూలీలు. శనివారం మధ్యాహ్నం దాకా పని ఉండేది. బయటి మ్యాచ్‌కు పోవాలంటే ఆ పూట కూలి వదులుకోవాలి. యార్క్‌షైర్ ప్రతినిధులు అడిగింది ఆడినందుకు జీతం కాదు. ఆటకోసం పోగొట్టుకున్న కూలిని మాత్రం తిరిగి ఇవ్వమన్నారు, అంతే. సమావేశం లండన్‌లో పెట్టారు. కూలి పోతోందని చెప్పుకోవడానికి వచ్చినవాళ్లే మళ్లీ పని మానుకుని, రైలు చార్జీలు పెట్టుకుని రావాలన్నమాట. 282 - 136 తేడాతో ఓడిపోయారు. రెండేళ్ల తర్వాత, 1895 ఆగస్టు 29న, హడర్స్‌ఫీల్డ్ జార్జ్ హోటల్లో కూర్చుని నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నారు. రోజుకు ఆరు షిల్లింగుల దాకా పోయిన కూలి ఇచ్చుకోవచ్చని రాసుకున్నారు. ఇప్పుడు మనం రగ్బీ లీగ్ అంటున్న ఆట అక్కడ పుట్టింది.

మనం ఆగి చూడాల్సింది దాని తర్వాత జరిగినదాన్ని. డబ్బు తీసుకోకపోయినా సరే, నార్తర్న్ యూనియన్ జట్టులో ఆడినవాడు ఆర్‌ఎఫ్‌యూ లెక్కలో అమెచ్యూర్ కాకుండా పోయాడు. వాళ్ల మైదానాల్లోకి అతనికి మళ్లీ ప్రవేశం లేదు. దీన్ని మన భాషలో వెలి అంటాం. ఇది కులం కాదు, ఆ పోలికను మరీ సాగదీయకూడదు. అక్కడ వెలి పడినవాడి కొడుకు వెలిలో పుట్టడు. అయినా పద్ధతి మనకు కొత్తది కాదు. తాకితే మైల, డబ్బు ముట్టుకుంటే నీచం, తీరిక ఉన్నవాడి ఆట పవిత్రం. ‘అమెచ్యూర్’ అంటే ఇష్టం కొద్దీ ఆడేవాడని అర్థం. ఇష్టం గని కార్మికుడికీ ఉంది. లేనిది తీరిక. ఆర్‌ఎఫ్‌యూ నిలబెట్టిన ఈ అమెచ్యూర్ నియమం 1995 ఆగస్టులో అంతర్జాతీయంగా రద్దయింది, చీలిక వచ్చి సరిగ్గా నూరేళ్లకు. అప్పటికి టెలివిజన్ డబ్బు వచ్చి పడింది. డబ్బు పెద్దవాళ్ల చేతికొచ్చాక అంటు పోయింది.

దక్షిణాఫ్రికాలో ఈ ప్రయాణానికి ఇంకో అర్థం ఉండేది. ఈస్టర్న్ కేప్‌లో నల్లజాతి రగ్బీకి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పోర్ట్ ఎలిజబెత్ (ఇప్పటి గెబెర్హా) టౌన్‌షిప్పుల్లో క్వారు అనే యూనియన్ కింద క్లబ్బులు ఆడేవి. మంచి పచ్చిక మైదానాలు తెల్లవాళ్లవి, ఇసుకా కంకరా వీళ్లవి. ఊరు - వాడ అంటే మనకు వేరే వివరణ అక్కర్లేదు. 1976 అక్టోబర్ 10న చీకీ వాట్సన్, వాలెన్స్ వాట్సన్ అనే తెల్ల అన్నదమ్ములు టౌన్‌షిప్పులోకి చాటుగా వెళ్లి క్వారు జట్టు తరఫున ఆడారు. సోవెటో విద్యార్థుల మీద కాల్పులు జరిగిన ఏడాది అది. తెల్లవాళ్లు టౌన్‌షిప్పులో అడుగుపెట్టాలంటే పర్మిట్ కావాలి. అన్నేళ్లుగా నల్లజాతి ఆటగాళ్లే పరాయి నేల మీద పరాయి నిబంధనలతో బతికారు. ఆ ఆదివారం ప్రయాణం ఎదురు తిరిగింది. చరిత్రకారులు వాట్సన్ల తెగువ గురించి ఎక్కువ రాశారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద సంగతి, అక్కడ వాళ్లను చేర్చుకునే స్థాయిలో ఒక యూనియన్, ఒక లీగ్, ఒక ప్రేక్షక లోకం ముందే కట్టుకుని ఉండటం.

1992లో తెల్లవాళ్ల బోర్డు, జాతి వివక్ష లేని యూనియన్ ఒకటయ్యాయి. సియా కోలిసి కథ ఆ తర్వాతిది. 1991లో జ్విడే టౌన్‌షిప్పులో పుట్టాడు, ఆఫ్రికన్ బాంబర్స్ అనే అమెచ్యూర్ క్లబ్బులో ఆట మొదలుపెట్టాడు. 2018లో టెస్టు జట్టుకు తొలి నల్లజాతి కెప్టెన్ అయ్యాడు, 2019లోనూ 2023లోనూ ప్రపంచ కప్ ఎత్తాడు. గర్వపడాల్సిందే. కానీ మధ్యలో ఒక మలుపుంది. పన్నెండేళ్ల వయసులో గ్రే అనే పేరున్న బడిలో స్కాలర్‌షిప్ సీటు దొరికింది. తిండి, బూట్లు, కోచ్, మ్యాచులకు తీసుకెళ్లే బస్సు అన్నీ ఆ బడివే. ‘మెరిట్ ఉంటే ఎవరైనా ఎదగొచ్చు’ అనడానికి ఈ కథను వాడుకునేవాళ్లు ఆ బస్సును దాచేస్తారు. బాంబర్స్‌లో కోలిసితో పాటు ఆడిన మిగతా పిల్లలకు ఆ బస్సు రాలేదు.

మన దగ్గర ఈ ముచ్చట మొదలైంది క్రికెట్‌తో. పల్వంకర్ బాలూ చమార్ కులస్థుడు. పుణేలో తెల్లదొరల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేస్తూ, వాళ్ల బ్యాటింగ్ ప్రాక్టీసుకు బంతులు వేస్తూ బౌలర్ అయ్యాడు. అగ్రకుల హిందువుల జట్టుకు అతని బౌలింగ్ కావాలి, అతనితో పంక్తి భోజనం వద్దు. టీ పెవిలియన్ బయట, మట్టి పిడతలో. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. ఆ పర్యటనకు వెళ్లగలిగింది మహారాజా ఖర్చుతో.

రగ్బీకి వస్తే, ఒడిశాలోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు చెందిన ఆదివాసీ పిల్లలు 2007లో లండన్ వెళ్లి అండర్-14 టోర్నీ గెలుచుకొచ్చారు. (ఆ సంస్థ నడిపే చదువు మీద ఆదివాసీ సంఘాలకు తీవ్ర అభ్యంతరాలున్నాయి, అది వేరే చర్చ.) 2025 జూన్‌లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఉంది. మ్యాచులన్నీ ముంబైలో ఒకే స్టేడియంలో పెట్టారు. హైదరాబాద్ పేరు ఉంది గానీ ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. టీవీకి అది చాలు. ప్రయాణ ఖర్చుల బాధ మిగిలేది టీవీకి కనపడని వాళ్లకే.

మన విద్యార్థులకు ఇది ఎందుకంటే, ఇక్కడ ప్రయాణమే సర్టిఫికెట్, సర్టిఫికెట్టే ఉద్యోగం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది, తెలంగాణలో 2 శాతం ఉంది. ఏ స్థాయి పోటీలో ఆడారన్నదాన్ని బట్టి ప్రాధాన్యం. మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయం, ప్రతి మెట్టుకూ బస్సో రైలో ఉంది. ఎంపికైన పిల్లవాడికి టీఏ, డీఏ ముందే చేతికి రావడం అరుదు. పీఈటీ సార్ జేబులోంచి పెడతాడు, లేదా తల్లి చీటీ ఎత్తుతుంది, లేదా పిల్లవాడు ఆగిపోతాడు. ఆడపిల్లయితే వెంట ఇంకొకరు వెళ్లాలంటారు, అప్పుడు ఇద్దరి చార్జీలు, ఇద్దరి కూలి. ఆగిపోయినవాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ‘గైర్హాజరు’ అని ఉంటుంది. కోటా దగ్గర రోస్టర్ గురించి కొట్లాడుతున్నాం, కొట్లాడాలి కూడా. కానీ జల్లెడ పట్టడం అంతకు చాలా ముందు, బస్టాండులోనే అయిపోతోంది.

2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సమాఖ్యల కార్యవర్గాల్లో మహిళలకు, క్రీడాకారులకు చోటు తప్పనిసరి చేసింది. అదే చట్టం ప్రకారం, ప్రభుత్వ సొమ్ము తీసుకునే గుర్తింపు పొందిన సమాఖ్యలు ఆ సొమ్ము ఎలా ఖర్చు పెట్టాయో సమాచార హక్కు కింద చెప్పాలి. అడగాల్సినవి ఇవి: గత మూడేళ్లలో ఏ స్థాయి పోటీలకు ఎంతమంది ఎంపికయ్యారు, వాళ్లలో ఎంతమంది వెళ్లలేదు, వాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎందరు, ప్రయాణ భత్యం పోటీకి ముందు ఇచ్చారా తర్వాతా, తర్వాతైతే ఎన్ని నెలలకు. ప్రభుత్వ బడుల పోటీల లెక్క కావాలంటే ఇవే ప్రశ్నలు జిల్లా యువజన, క్రీడాధికారి కార్యాలయానికి, జిల్లా విద్యాశాఖకు పెట్టొచ్చు. ఫీజు పది రూపాయలు.