బైక్ ఆగిపోతే కాలు పెట్టి తోయిస్తున్నారా? తాడు కట్టి లాగిస్తున్నారా? అసలు రిస్క్ ఎక్కడుందంటే..

రాత్రి తొమ్మిది దాటింది. ఫ్లైఓవర్ ఎక్కగానే బైక్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక నుంచి వచ్చిన కుర్రాడు బండి స్లో చేసి, "పెట్రోల్ అయిపోయిందా అన్నా? కూర్చో, బంక్ దాకా తోస్తా" అన్నాడు. మీ ఫుట్‌రెస్ట్ మీద కాలు ఆనించి తోయడం మొదలుపెట్టాడు. తెలుగు రాష్ట్రాల్లో బైక్ నడిపే వాళ్లలో ఈ సాయం చేయని వాళ్లు, తీసుకోని వాళ్లు చాలా తక్కువ.

సాయం మంచిదే. కానీ ఆ పది నిమిషాల్లో ఇద్దరి ప్రాణాలు ఒక చెప్పు పట్టు మీద ఆధారపడి ఉంటాయి. మరి బైక్‌ను ఇంకో బండితో తీసుకెళ్లడానికి సరైన దారి ఏంటి? రూల్స్ ఏం చెప్తున్నాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎందుకింత సీరియస్ విషయం?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది టూవీలర్ మీద ఉన్నవాళ్లే. అంటే దాదాపు 44.5 శాతం. మామూలుగా నడుస్తున్న బండి మీదే ఇంత ప్రమాదం ఉంటే, ఇంజిన్ ఆగిపోయి, లైట్ వెలగక, ఇంకొకరి అదుపులో కదులుతున్న బండి సంగతి చెప్పక్కర్లేదు.

2024 జనవరి 2 గుర్తుందా? హిట్ అండ్ రన్ కొత్త చట్టంపై ట్రక్, ట్యాంకర్ డ్రైవర్ల ఆందోళనతో హైదరాబాద్ బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ క్యూలు కనిపించాయి. చంచల్‌గూడలో ఫుడ్ డెలివరీ బాయ్ గుర్రం మీద వెళ్లిన వీడియో అందరం చూసి నవ్వుకున్నాం. కానీ ట్యాంకులో చుక్క లేకపోతే టూవీలర్ మీద బతికేవాడికి రోడ్డు మీద ఏ దారీ ఉండదని ఆ రోజు తెలిసొచ్చింది. చాలా బంకుల్లో బాటిల్‌లో పెట్రోల్ పోయరు. దాంతో బండినే బంక్ దాకా తీసుకెళ్లాలి. కాలు పెట్టి తోయడం ఇంత అలవాటు కావడానికి అసలు కారణం ఇదే.

కాలు పెట్టి తోస్తే: ఏ కాలైనా ఇబ్బందే

తోసే వ్యక్తి గేర్ బైక్ మీద ఉన్నాడనుకోండి. కుడి కాలుతో తోస్తే వెనక బ్రేక్ వదిలేసినట్టే. ఎందుకంటే ఆ బ్రేక్ పెడల్ కుడి కాలి కిందే ఉంటుంది. సడన్‌గా ఏదైనా అడ్డొస్తే చేతిలో ఉన్నది ముందు బ్రేక్ ఒక్కటే. అది గట్టిగా పట్టుకుంటే బండి జారుతుంది.

పోనీ ఎడమ కాలుతో తోస్తే? అప్పుడు గేర్ మార్చలేడు. పైగా ఆగిన బండికి కుడి పక్కన, అంటే రోడ్డు మధ్య వైపు ఉండాలి. వెనక నుంచి వచ్చే బస్సుకో లారీకో ముందు తగిలేది సాయం చేయడానికి వచ్చిన మనిషే.

స్కూటీ మీద ఉన్నవాళ్లకు రెండు బ్రేకులూ చేతికే ఉంటాయి కాబట్టి కొంత నయం. కానీ కాలు జారి చక్రంలో పడే ప్రమాదం అందరికీ ఒకటే. అలా తోయడం వల్ల బండి మీద ఒక పక్కకే ఒత్తిడి పడుతుంది కాబట్టి, ఆగిన బండి నడిపే వ్యక్తి హ్యాండిల్‌తో కుస్తీ పడుతూనే ఉండాలి.

తాడు కట్టి లాగితే?

రోడ్డు రూల్స్‌కు సంబంధించి 1989 నాటి రెగ్యులేషన్స్ టోయింగ్‌పై స్పష్టంగా చెప్పాయి. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు. స్పీడ్ గంటకు 24 కిలోమీటర్లు మించకూడదు. వెనక బండి మీద లైసెన్స్ ఉన్న వ్యక్తి ఉండాలి. తాడు ఇతరులకు స్పష్టంగా కనిపించాలి. వెనక బండికి 'ఆన్ టో' అని బోర్డు పెట్టాలి. 2017లో వీటి స్థానంలో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చాయి. కానీ ఆ పాత అంకెల వెనక ఉన్న లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

గంటకు 24 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 6.7 మీటర్లు. తాడు పొడవు 5 మీటర్లే. ముందు బండి గుంత చూసి గట్టిగా బ్రేక్ కొడితే, మీరు ఒక్క సెకను ఆలస్యంగా స్పందించినా ఆ తాడంత దూరం దాటేస్తారు. నలభై స్పీడ్‌లో అయితే సెకనుకు 11 మీటర్లు!

కారుకు నాలుగు చక్రాలు కాబట్టి తాడుతో లాగినా పడదు. బైక్ అలా కాదు. హ్యాండిల్‌కు ఒక పక్కన తాడు కడితే, అది బిగుసుకున్న ప్రతిసారీ హ్యాండిల్ ఆ పక్కకే తిరుగుతుంది. తాడు వదులైతే కిందికి జారి ముందు చక్రంలో చుట్టుకుంటుంది. ఈ రెండింట్లో ఏది జరిగినా బండి మీద ఉన్నవాళ్లు కింద పడటం ఖాయం.

సిగ్నల్ లేని ఘాట్ రోడ్డులోనో, ఊరి బయటో వేరే దారే లేకపోతే? అనుభవం ఉన్న రైడర్లు వాడే పద్ధతి ఒకటుంది. ముందు బండికి తాడు కడతారు. వెనక బండికి మాత్రం ముడి వేయరు. ఫుట్‌రెస్ట్‌కు ఒక చుట్టు తిప్పి, కొసను బూటు కింద తొక్కి పట్టుకుంటారు. తేడా వస్తే కాలు ఎత్తితే చాలు, తాడు ఊడిపోతుంది. అది కూడా ఖాళీ రోడ్డులో, పగటిపూట, నడిచే మనిషి కంటే కాస్త ఎక్కువ స్పీడ్‌లోనే. రాత్రిపూట, ట్రాఫిక్‌లో, లారీ వెనక అస్సలు వద్దు.

ఈ-స్కూటర్ అయితే ఇంకో చిక్కు

ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్ అయిపోయిందని లాగించుకెళ్దామనుకుంటున్నారా? చాలా మోడళ్లలో చక్రం తిరిగితే మోటార్ కూడా తిరుగుతుంది. అలా తిరిగిన మోటార్ కరెంట్ పుట్టిస్తుంది. ఎక్కువ దూరం లాగితే ఎలక్ట్రానిక్ పార్టులకు దెబ్బ. ముందు కంపెనీ మాన్యువల్ చూడండి. ఈ-స్కూటర్‌ను బండిలో ఎక్కించి తీసుకెళ్లడమే మంచిది.

సేఫ్ దారి: ట్రాలీలో ఎక్కించడం

ట్రాలీ ఆటోనో టాటా ఏస్‌నో మాట్లాడుకుని, చెక్క పలక వేసి ఎక్కించడమే అన్నిటికంటే సురక్షితం. అయితే చాలామంది సైడ్ స్టాండ్ వేసి, ఒక తాడు చుట్టి వదిలేస్తారు. మొదటి స్పీడ్ బ్రేకర్‌కే బండి పడుతుంది. ముందు చక్రాన్ని ట్రాలీ గోడకు ఆనించాలి. గేర్‌లో పెట్టాలి. ముందు రెండు పక్కలా, వెనక రెండు పక్కలా నాలుగు వైపులా కట్టాలి. ముందు షాకబ్జార్బర్లు కాస్త కిందికి దిగేలా బిగిస్తేనే బండి కదలదు.

అసలు ప్రశ్న ఇదీ

నో పార్కింగ్‌లో పెట్టిన బైక్‌ను నిమిషాల్లో ఎత్తుకెళ్లే ఏర్పాటు నగరాల్లో ఉంది. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 127 ఆ అధికారం ఇస్తోంది. బండి, మనుషులు, హుక్కులు అన్నీ రెడీ. అదే బైక్ ఫ్లైఓవర్ మీద చెడిపోతే? కానిస్టేబుల్ దయతలిచి తోయాల్సిందే, లేదంటే తెలియని కుర్రాడి కాలే దిక్కు. టోయింగ్ రూల్స్, క్రేన్లు, సర్వీసులు అన్నీ కారును దృష్టిలో పెట్టుకుని వచ్చినవే. రోడ్డు మీద ఎక్కువగా కనిపించేది మాత్రం టూవీలర్. ఫైన్ వేయడానికి బైక్‌ను ఎత్తగలిగిన వాహనం, పీక్ అవర్‌లో ఆగిన బైక్‌ను ఫ్లైఓవర్ దింపలేదా? దింపితే ట్రాఫిక్ జామ్ కూడా తగ్గుతుంది కదా!

మీరు చేయాల్సినవి

- బండి ఆగగానే ఎడమ పక్కకు తీయండి. హెల్మెట్ తీయొద్దు.
- చాలా బండ్లలో ఇంజిన్ ఆగితే హెడ్‌లైట్ వెలగదు. ఫోన్ టార్చ్ వెనక వైపుకు చూపించండి.
- నేషనల్ హైవే మీద అయితే 1033కి, అత్యవసరమైతే 112కి ఫోన్ చేయండి.
- వాన నీళ్లలో ఆగితే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే పెద్ద రిపేరే.
- ఇన్సూరెన్స్ పేపర్ ఒకసారి తీసి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఆ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఇంకెవరైనా "తోస్తా అన్నా" అంటే కోపగించుకోకండి. "వద్దు తమ్ముడూ, దిగి ఇద్దరం నెట్టుకుంటూ పోదాం" అనండి. బంక్ చేరడానికి పది నిమిషాలు ఎక్కువ పడితే పట్టొచ్చు. కానీ ఇద్దరూ ఇంటికి చేరతారు.