"ఒక్క కాన్పు కానివ్వండి"

పిల్లి గురించి కూడా రాయాలా అనుకోకండి. సంక్రాంతి నుంచి మా ఇంట్లో మాటలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. జరిగినదాంట్లో తప్పు నాదే ఎక్కువ. అందుకే రాస్తున్నాను.

జున్ను మా ఇంటికి ఆషాఢంలో వచ్చింది. వానకి తడిసి, మెట్ల కింద మోటారు పక్కన నక్కి అరుస్తుంటే మా చిన్నది చున్నీలో చుట్టి తెచ్చింది. అప్పటికి దానికి నెలన్నర ఉంటుందేమో. తెల్లటి ఒళ్ళు, అందుకే ఆ పేరు. టీకాకి తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పారు, "ఐదో నెల రాగానే ఆపరేషన్ చేయించేయండి, ఆలస్యం చేయకండి" అని. తలూపి వచ్చేశాను.

ఇంట్లో చెబితే అత్తయ్యగారు, "పసిదాని మీద కత్తి పెట్టిస్తావుటే? ఒక్క కాన్పు కానివ్వండి. ఆడపుట్టుక పుట్టాక దానికీ ఆ ముచ్చట ఉండద్దూ" అన్నారు. మావారు ఖర్చు ఎంతవుతుందని అడిగారు. నిజం చెప్పాలంటే నాకూ లోపల అలాగే ఉంది. దసరా వెళ్ళనివ్వండి, కార్తీకం కానివ్వండి అంటూ జరుపుకుంటూ వచ్చాను.

భోగి ముందురోజు రాత్రి మొదలుపెట్టింది అరవడం. మామూలు అరుపు కాదు, పసిపిల్ల గుక్కపెట్టి ఏడ్చినట్టు. నేలమీద దొర్లడం, ముందుకాళ్ళు వంచి వెనకభాగం పైకెత్తడం, తోక పక్కకి తిప్పడం, కనిపించిన గుమ్మానికల్లా ఒళ్ళు రాయడం. నేను కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు కాచాను! పుట్టింట్లో పాడి చూసిన అత్తయ్యగారే పోల్చారు, "నొప్పీ లేదు, పాడూ లేదు. ఎదకొచ్చింది" అని. ఏడు నెలల పిల్లకి అప్పుడే ఏమిటని నేను. నాలుగో నెలలోనే ఎదకొచ్చే పిల్లులూ ఉంటాయని తర్వాత డాక్టరమ్మ చెబితే తెలిసింది.

కనుమనాడు గారెల పిండి రుబ్బుతూ పెరటి తలుపు వేయడం మరిచిపోయాను. పిట్టగోడ ఎక్కి వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం వచ్చి, ఏమీ ఎరగనట్టు గిన్నె ముందు కూర్చుంది. "తిరుగుబోతు ముండ" అని తిట్టాను. ఆపరేషన్ వాయిదా వేసింది నేను, తలుపు తీసి ఉంచింది నేను. తిట్టు మాత్రం దానికి.

అయితే ఒక్క పని బుద్ధిగా చేశాను. వంటింటి క్యాలెండర్‌లో గ్యాస్ బండ తేదీ పక్కన "జున్ను" అని రాసుకున్నాను. మీరూ రాసుకోండి. పిల్లి చూలు సుమారు తొమ్మిది వారాలు, 63 నుంచి 65 రోజులు, కొంచెం అటూ ఇటూ. తేదీ తెలిస్తే మనకీ డాక్టరుకీ సగం పని తేలిక.

మూడో వారంలో పొట్టమీద చనుమొనలు ఉబ్బి గులాబీరంగుకి తిరిగాయి. తెల్లపిల్లి కావడంతో ఇట్టే కనబడ్డాయి. మామూలుగా రెండు మూడు వారాలకోసారి తిరిగొచ్చే అరుపులు మళ్ళీ రాలేదు. నిద్ర ఎక్కువైంది. పొట్ట మాత్రం ఐదో వారం దాటితేగానీ తెలియలేదు. అయితే ఒక మాట. పొట్ట పెరిగినంత మాత్రాన చూలే అనుకోకూడదు. చిన్న పిల్లులకి నులిపురుగులున్నా, కడుపులో నీరు చేరినా పొట్ట ఉబ్బుతుంది. నిలవని చూలుకి కూడా కొన్నిటికి నెల పైన అరుపులు ఆగిపోతాయట. పక్కింటావిడ "నేను నొక్కి చూసి చెబుతా" అన్నారు. వద్దన్నాను. మనం నొక్కితే లోపలి పిల్లలకే ప్రమాదం. నాలుగో వారంలో స్కాన్ చేస్తే గుండె కొట్టుకోవడం కనబడుతుంది. ఎన్ని పిల్లలో సరిగ్గా లెక్క తేలాలంటే 45 రోజులు దాటాక ఎక్స్‌రే తీస్తారు.

స్కాన్‌లో మూడు కనిపించాయి. డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. "దీని ఎదుగుదలే ఇంకా పూర్తి కాలేదు, కాన్పు కష్టం కావచ్చు. ఇప్పుడైనా ఆపరేషన్ చేసేయొచ్చు, కననివ్వనూ వచ్చు. మీరే చెప్పండి" అన్నారు. తెరమీద టకటకా కొట్టుకుంటున్న ఆ చుక్కల్ని చూశాక వద్దని చెప్పలేకపోయాను. అది సరైన నిర్ణయమేనా అంటే ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. ఆ పరిస్థితిలో ఆపరేషన్ చేయించుకొచ్చిన ఇల్లాలిని మాత్రం నేను తప్పుపట్టను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారు, "పుట్టాక సంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేద్దాంలే, బతుకుతాయి" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. మా చిన్నప్పుడు మా ఊళ్ళోనూ అంతే, గోనెసంచిలో కట్టి కాలవ అవతల దింపి వచ్చేవారు. అవి బతికాయో లేదో ఎవరం చూడలేదు. పుట్టిన వారం పది రోజులదాకా వాటికి కళ్ళే తెరుచుకోవు, తల్లి పొట్ట కిందలేకపోతే ఒంట్లో వెచ్చదనం నిలవదు. తిండీ నీళ్ళూ లేక మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. నేనీ మాటలేవీ అనకముందే మా చిన్నది కంచం ముందునుంచి లేచిపోయింది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇక జాగ్రత్తలు. పాలూ అన్నంతో సరిపెట్టకూడదు. పాలు చాలా పెద్ద పిల్లులకి అరగవు. పిల్లిపిల్లల కోసం అమ్మే తిండే చూలుతో ఉన్నదానికీ పెట్టమన్నారు. దాంతోపాటు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. మన ఇంట్లో ఉన్న మాత్రలేవీ వేయకూడదు. ముఖ్యంగా పారాసిటమాల్, ఒక్క మాత్రకే పిల్లి ప్రాణం పోవచ్చు. కుక్కల ఒంటికి రాసే పిడుదుల మందూ అంతే. నులిపురుగుల మందు కూడా డాక్టరు చెబితేనే. మూలగదిలో అట్టపెట్టె పెట్టి, పాత నేత చీర పరిచాను.

ఉగాదికి రెండు రోజుల ముందు, రాత్రి పదకొండింటికి నొప్పులు మొదలయ్యాయి. మొదటిది బాగానే పుట్టింది. రెండోదానికి జున్ను అరగంట ముక్కింది, రాలేదు. గట్టిగా నొప్పులు పడుతూ ఇరవై, ముప్పై నిమిషాలైనా పిల్ల బయటికి రాకపోతే ఆగకూడదని డాక్టరమ్మ ముందే చెప్పి ఉన్నారు. ఫోన్ చేసి ఆటో ఎక్కాం. పెట్టె తన ఒళ్ళో పెట్టుకుంటానని అత్తయ్యగారు పట్టుబట్టి వచ్చారు. దారంతా దాని తల నిమురుతూనే ఉన్నారు. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఉన్నట్టుండి అన్నారు, "మీ పెద్దబావగారు పుట్టినప్పుడు నాకు పదహారే. రెండు రాత్రులు పడ్డాను. కావాలా అని నన్నెవరడిగారు?"

నాకు మాట రాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. ఈ సంగతి వినడం అదే మొదలు.

రెండో పిల్ల చనిపోయి పుట్టింది. మూడోది బతికింది, జున్నూ బతికింది.

ఇంటికొచ్చాక జున్ను పిల్లల్ని పెట్టెలోంచి బీరువా వెనక్కి, అక్కణ్ణుంచి మంచం కిందికి మార్చడం మొదలెట్టింది. "ఏడిళ్ళు తిప్పుతుంది, అంతే" అన్నారు అత్తయ్యగారు. ఏడిళ్ళ లెక్క ఏమోగానీ, మా చిన్నదాని స్నేహితులు చూడ్డానికి రావడం ఆపించాక అదీ తిప్పడం ఆపేసింది. పిల్లలు పాలు తాగుతున్నాయి కదా, మళ్ళీ ఎదకి రాదులే అనుకోకండి, వస్తుంది. ఈసారి పెరటి తలుపుకి గొళ్ళెంతోపాటు తాళం కూడా వేశాను. పిల్లలు పాలు మానిన వెంటనే, ఎనిమిదో వారంలో, ఆపరేషన్ చేయించేశాం. సాయంత్రానికి ఇంటికొచ్చింది, మర్నాటికి గిన్నె దగ్గరికి నడిచింది. ఏ భయంతో అన్నాళ్ళు వాయిదా వేశానో అది అంతే.

నాకు అర్థమైంది ఇది. "ఒక్క కాన్పు కానివ్వండి" అన్నది దానిమీద ప్రేమతో అన్న మాటే. కానీ ఒక కాన్పయితే పిల్లి ఒంటికి మేలన్న మాటకి ఆధారమేమీ లేదు. తల్లి అయ్యే ముచ్చట దానిది కాదు, మనది. ఆడపిల్లల విషయంలోనూ "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అన్నవాళ్ళు ప్రేమతోనే అన్నారు. భారం మోసిన ఒళ్ళు మాత్రం వేరే. పిల్లి చెప్పుకోలేదు కాబట్టి దాని తరఫున ఇంటి ఇల్లాలే ఆలోచించాలి, అదీ తలుపు తెరుచుకోకముందే.

ఒక పిల్లని మా ఆడపడుచు తీసుకెళ్ళింది. ఐదో నెలలో ఆపరేషన్ చేయిస్తానని మాటిచ్చాకే ఇచ్చాను, తేదీ కూడా తన ఫోన్‌లో పెట్టించాను. రెండోది ఆడది, మా దగ్గరే ఉంది. మొన్న అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని క్యాలెండర్ పేజీలు తిప్పుతుంటే ఏకాదశి కోసమనుకున్నాను. "ఆగస్టు అంటే శ్రావణం వచ్చేస్తుంది. పేరంటాల హడావుడిలో పడి మళ్ళీ మరిచిపోతావు. డాక్టరమ్మకి ఇప్పుడే చెప్పి పెట్టు" అన్నారు.