ప్రేమగీతమును తెనిగించు విధము

ప్రేమగీతము నొక భాషనుండి మఱియొక భాషలోనికి తెచ్చువారికి కఠినపదములకంటె సర్వనామములే యెక్కువ శ్రమ కలిగించునని నా యభిప్రాయము. వెన్నెలకును విరహమునకును నిఘంటువున అర్థములు దొరకును. "నీవు" అనవలెనా, "మీరు" అనవలెనా యను ప్రశ్నకు ఏ నిఘంటువును సమాధానము చెప్పజాలదు.

ఆంగ్లప్రేమకవిత్వమును ఫ్రెంచిలోనికి మార్చువారి కష్టమును చూడుడు. నేటి యాంగ్లమున స్నేహితునికైనను, రాజునకైనను, ప్రియురాలికైనను "యూ" ఒక్కటే. ఫ్రెంచివారికి చనువునకు "త్యు", మర్యాదకు "వూ" కలవు. 1677లో ప్రదర్శింపబడిన రసీను నాటకమున ఫేద్ర్ రాణి తన వలపును బయలుపెట్టుచు, అంతవరకు పలికిన "వూ"ను విడిచి "త్యు" అనును. ఆ యొక్క మాటతోనే కట్ట తెగినట్లగును. ఇట్టి భేదములకు అలవాటుపడిన చెవులకొఱకు వ్రాయు అనువాదకుడు మూలమున లేని నిర్ణయమును తానే చేయవలసి యున్నది. పాత యాంగ్లమందలి "దౌ" అను చనువుమాటను వాడిన కవులయెడ ఈ చిక్కు కొంత తగ్గును. మన నగరమున 1879లో జన్మించిన సరోజినీ నాయుడుగారి "గోల్డెన్ త్రెషోల్డ్" (1905) నందలి ప్రేమగీతము అట్టిదే. ఇక లింగభేదమొకటి. షేక్స్పియరు సానెట్లు 154 కలవు, 1609లో అచ్చయినవి. వానిలో పెక్కింట సంబోధింపబడినది స్త్రీయో పురుషుడో ఆంగ్లపదములు చెప్పవు. ఫ్రెంచిలో "అందమైన" అను విశేషణము వ్రాయగానే గుట్టు బయటపడును.

ఈ చిక్కు పరదేశమునకే పరిమితము గాదు. 1591లో చార్మినారు కట్టించిన మహమ్మదు కులీ కుతుబ్‌షా దక్కనీలో ప్రేమగీతములు వ్రాసిన రాజు. ఆయన గీతములందు ప్రియురాండ్రు పేళ్ళతో, స్త్రీలుగనే కానవత్తురు. తరువాతి ఉర్దూ గజలునందు ప్రేమపాత్రమును పుంలింగమున చెప్పుట సంప్రదాయము. ఆ వ్యక్తి స్త్రీ కావచ్చును, దైవమే కావచ్చును. గాలిబు (1797–1869) గజళ్ళను దాశరథి కృష్ణమాచార్యులవారు 1961లో "గాలిబ్ గీతాలు" అను పేర తెనిగించిరి. ఇట్టి పనికి పూనుకొన్నవారికి మన తెలుగు పెట్టు పరీక్ష విచిత్రమైనది. గ్రాంథికమున "వచ్చెను" అనినచో వచ్చినది పురుషుడో, స్త్రీయో తెలియదు. గజలు కోరునదియు అదియే. వాడుకభాషలో "వచ్చాడు", "వచ్చింది" అని తేల్చి చెప్పక తప్పదు. ఛాందసమని కొందఱు నవ్వు ఈ "వచ్చెను" ఇచ్చట నెంత సుకుమారమైన పనిముట్టు! సంబోధనయందును అంతే. ఉర్దూలో "ఆప్", "తుమ్", "తూ" అని మూడు మెట్లు. మనకు "మీరు", "నీవు" అని రెండే. మన యిండ్లలో పలువురు ఇల్లాండ్రు భర్తను "మీరు" అందురు. క్షేత్రయ్య పదములందలి నాయిక మువ్వగోపాలుని "రా" యని చొరవతో పిలుచును. కావున "మీరు" అని తెనిగించిన విరహము ఇల్లాలి విరహమగును. "రా" యని తెనిగించినది పదమగును. గజలు ఈ రెండును గాదు.

పాఠశాలలో అనువాదాభ్యాసమునకు లేఖలు, వార్తలు ఇత్తురు గాని, ప్రేమగీతమనగానే తల్లిదండ్రులును ఉపాధ్యాయులును సంకోచింతురు. ఆ సంకోచము నేనెఱుగనిది కాదు. కాని లేఖలో "అయ్యా" యని మర్యాద ముందే నిర్ణయమై యుండును. ప్రేమగీతముననైతే ఎవరు ఎవరిని ఏ గౌరవముతో పలుకరించుచున్నారో విద్యార్థి స్వయముగా తూచవలెను. వీధిలో ఉర్దూ, ఇంట తెలుగు, తరగతిలో ఆంగ్లము వినుచు పెరుగు పాతబస్తీ బాలబాలికల చేతిలో అందులకు కావలసిన త్రాసులు మూడును సిద్ధముగనే యున్నవి. వానిని వాడనీయకుండుట అన్యాయము.

పై తరగతులవారికి గజలునుండి రెండు పాదముల షేరు నొకదాని నిచ్చి, "నీవు"తో నొకమారు, "మీరు"తో నొకమారు తెనిగింపుమని చెప్పవచ్చును. పిదప ఒకటి కొట్టివేయించి, ఎందులకు కొట్టివేసిరో ప్రక్కన రెండు వాక్యములు వ్రాయింపవలెను. నేనైతే అనువాదముకంటె ఆ రెండు వాక్యములకే ఎక్కువ మార్కులు వేయుదును.