స్టెయిన్ కుదరని స్లైడును ఏ యంత్రం చదువుతుంది?

ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉంటే ఏమైంది, కృత్రిమ మేధ ఉందిగా అంటున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2020ని కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించింది. 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ సదస్సే జరిపింది. ఆ ఉత్సాహంలోంచే ఈ నమ్మకం బలపడింది. వికారాబాద్ జిల్లాలోని పెద్దేముల్ లాంటి మండలానికి కెమెరా బిగించిన మైక్రోస్కోపు, పక్కన ఒక కంప్యూటరు పంపితే చాలట. రక్తపూతలో మలేరియాను, తెమడలో టీబీని అదే పట్టేస్తుందట. ఈ మాట తప్పు. యంత్రానికి చూపు చాలదని కాదు, పరీక్ష అంటే చూడడం ఒక్కటే అనుకోవడంలోనే తప్పుంది.

యంత్రం చూపును నేను తక్కువ చేయను. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యు-నెట్ అనే డీప్ లెర్నింగ్ పద్ధతిని ప్రకటించారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో కణాల హద్దులు గీయడాన్ని కేవలం 30 చిత్రాలతో దానికి నేర్పారు. ఉన్న చిత్రాలనే కొద్దిగా సాగదీసి, వంచి, తిప్పి చూపించి, ఆ కొద్దిపాటి సామగ్రినే పెంచుకున్నారు. జీవశాస్త్ర ప్రయోగశాలల్లో విద్యార్థులు రోజుల తరబడి చేతితో గీసే పని దాంతో నిమిషాల్లోకి వచ్చింది. మనిషి కన్ను అలసిపోతుందన్నదీ నిజమే. తెమడ స్లైడులో టీబీ క్రిములు లేవని రాయాలంటే, నూనె చుక్క వేసి, కనీసం వంద ఫీల్డులు, అంటే మైక్రోస్కోపులో ఒక్కోసారి కనిపించే భాగాలు, చూడాలి. రోజంతా ఆ పని చేసే మనిషికి సాయం కావాలి.

అయితే ఆ వంద ఫీల్డులకు ముందు జరిగేది చూడండి. తాండూరు చుట్టుపక్కల రాళ్ల పాలిషింగ్ యూనిట్లో దుమ్ములో పనిచేసే మనిషికి రెండు వారాలుగా దగ్గు. అది దుమ్ము దగ్గేనని సర్దుకుంటాడు. సిలికా దుమ్ము పీల్చేవారికి టీబీ ముప్పు ఎక్కువని ఆశా కార్యకర్త నచ్చజెప్పి పంపితే, డబ్బీ చేతిలో పెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వస్తాడు. అందులో ఉమ్మి వేస్తాడు. కావలసింది ఉమ్మి కాదు, తెమడ. గట్టిగా ఊపిరి తీసుకుని, లోపలి నుంచి దగ్గి, పొద్దున్నే తీసుకురావాలని ఎవరో ఓపికగా చెప్పాలి. వచ్చిన తెమడలో చిక్కటి భాగాన్ని ఏరి గాజుపలక మీద పరచాలి. పూత మందమైతే క్రిములు మరుగున పడతాయి, కడిగేటప్పుడు పూతే ఊడిపోవచ్చు. కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరి లేచేదాకా వేడి చేయాలి, మరగనివ్వకూడదు. ఆ తర్వాత ఆమ్లం. ఎక్కువసేపు ఉంచితే క్రిమి ఎరుపు పోతుంది. తక్కువైతే చుట్టూ ఉన్నదంతా ఎర్రగానే మిగులుతుంది. చివర మిథిలీన్ బ్లూ. స్టెయిన్ అంటే ఈ రంగులు పట్టించడమే. ఇంత శ్రద్ధగా చేసినా, మిల్లీలీటరు తెమడలో సుమారు 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటేనే మైక్రోస్కోపు కింద దొరికే అవకాశం.

యంత్రానికి చిత్రం అందేది ఇదంతా అయ్యాకే. డబ్బీలో ఉన్నది ఉమ్మి అయితే యంత్రం క్రిములు లేవని చెబుతుంది. చిత్రం వరకు ఆ జవాబు సరైనదే. రోగికి మాత్రం అది తప్పుడు జవాబు. ఆ మనిషి ఇంటికి వెళ్లి పిల్లల మధ్య దగ్గుతూనే ఉంటాడు. స్లైడును తయారుచేసిన చేతిని తీసేసి చూసే కంటిని కొనుక్కుంటే, ఈ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేవారు కూడా ఉండరు.

తర్వాత, ఇలాంటి యంత్రాలు 99 శాతం సరిగ్గా చెబుతాయనే మాట సంగతి. మలేరియా కణాల మీద డీప్ లెర్నింగ్ పరిశోధన చేసేవారిలో చాలామంది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారు విడుదల చేసిన ఒకే చిత్రాల సంపుటిని వాడతారు. అందులో 27,558 ఎర్రకణాల చిత్రాలు ఉన్నాయి. అవి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ వైద్య కళాశాల ఆసుపత్రిలో తీసినవి. ఫాల్సిపారం రకం మలేరియా సోకినవారు 150 మంది, ఆరోగ్యవంతులు 50 మంది. సగం కణాల్లో పరాన్నజీవి ఉంది, సగంలో లేదు. నేర్పడానికి ఈ అమరిక బాగుంటుంది. పెద్దేముల్‌లో జ్వరంతో వచ్చిన మనిషి రక్తం మాత్రం అలా సగం సగం ఉండదు. మలేరియా లేని ఒకరి రక్తపూతలో 5,000 ఎర్రకణాలు చూశామనుకుందాం. లేనిచోట లేదని కణం కణానికీ 99 శాతం సరిగ్గా చెప్పే యంత్రం, అందులో 50 కణాలను పరాన్నజీవి ఉన్నవని చూపిస్తుంది. అంటే ఆ యంత్రం ముందు ఆరోగ్యవంతుడంటూ ఎవరూ మిగలరు! కణాల లెక్కను రోగుల లెక్కగా మార్చడమే అసలు కష్టం. సంపుటిని తయారుచేసిన పరిశోధకులకు ఈ జాగ్రత్త తెలుసు. 2018 నాటి వ్యాసంలో వారు ఒకే రోగి కణాలు నేర్పేవైపూ పరీక్షించేవైపూ కలవకుండా, రోగుల వారీగా విడదీసి పరీక్షించారు. 99 అనే అంకెను పట్టుకుని అమ్మడానికి వచ్చేవారిని మనం అడగాల్సిన మొదటి ప్రశ్న కణానికా, మనిషికా అని.

నేర్చుకున్నది క్రిమినా, ఆసుపత్రినా అన్నది మరో ప్రశ్న. అమెరికాలోని ప్రఖ్యాత క్యాన్సర్ స్లైడుల సంపుటి మీద 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. స్లైడు ఏ ఆసుపత్రి నుంచి వచ్చిందో డీప్ లెర్నింగ్ నమూనాలు పసిగట్టగలవని, రంగుల తేడాలను సరిచేసినా ఆ ముద్ర పూర్తిగా చెరగదని అందులో తేలింది. ఒకచోట స్టెయిన్ మీద నేర్చుకున్న యంత్రం మరోచోట స్టెయిన్ ముందు ఎలా తడబడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో గూగుల్ కంటి పరీక్ష యంత్రాన్ని పెట్టినప్పుడు, చిత్రం నాణ్యత చాలదని ఐదో వంతుకు పైగా ఫొటోలను అది తిప్పికొట్టిందని 2020లో ఆ సంస్థ పరిశోధకులే రాశారు. అవి కణాల చిత్రాలు కావు, అయినా పల్లె క్లినిక్కు కష్టం అదే.

ఇంకో సంగతి ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో నల్లటి రంగు రేణువులున్న గుండ్రటి కణాలను చూశాడు. అంతకుముందు దోమలో వాటిని ఎవరూ గుర్తించలేదు. మలేరియా రోగి రక్తంలో కనిపించే రేణువులు అతనికి తెలుసు కాబట్టి, ఇక్కడెందుకున్నాయని అడిగాడు. ఉంది, లేదు అనే రెండు గళ్లే నేర్చిన యంత్రానికి ఆ ప్రశ్న పుట్టదు. మలేరియా కోసం రక్తపూత చూస్తున్న అనుభవజ్ఞురాలైన టెక్నీషియన్‌కు అపక్వమైన తెల్లకణాలు గుంపుగా కనిపిస్తే, అడగకపోయినా డాక్టరుకు చెబుతుంది. ఆ ఒక్క మాటతో రక్త క్యాన్సర్ బయటపడవచ్చు.

పోస్టులు నింపలేకపోతున్నాం, ఏమీ లేకపోవడం కంటే యంత్రం మేలు కదా అనేవారి వాదన బలమైనదే. కానీ యంత్రం దగ్గర కూడా స్లైడు చేసేవారు కావాలి. తెమడ పరీక్షలో మైక్రోస్కోపు స్థానంలోకి వస్తున్న ట్రూనాట్ లాంటి జన్యు పరీక్షలకూ డబ్బీలో తెమడే కావాలి, ఉమ్మి పనికిరాదు. మనిషి లేని ఏర్పాటు ఇందులో ఎక్కడా లేదు. టెక్నీషియన్ ఉన్నచోట యంత్రాన్ని పక్కన కూర్చోబెడితే ఎంతో ఉపయోగం. క్రిములు లేవని రాసిన స్లైడులను రెండోసారి చూడొచ్చు, ఫీల్డులు లెక్కపెట్టొచ్చు. టీబీ కార్యక్రమంలో కొన్ని స్లైడులను ఫలితం తెలియకుండా మళ్లీ చదివించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. యంత్రానికి తగిన పని అక్కడుంది.

కాబట్టి వికారాబాద్ జిల్లాకు ఇలాంటి యంత్రం కొనాలంటే ముందు జిల్లాలోని ఖాళీలు నింపాలి. తర్వాత మన స్లైడుల మీదే పరీక్షించాలి. ఏది క్రిమి, ఏది మరక అని గుర్తులు పెట్టాల్సింది మన టెక్నీషియన్లే. ఆ పనికి వేరుగా డబ్బు చెల్లించాలి, పత్రాల్లో వారి పేర్లు ఉండాలి, ఎందుకంటే యంత్రం నేర్చుకునేది వారి చదువునే. ఫలితాన్ని కణాల వారీగా కాక రోగుల వారీగా ప్రకటించాలి. ఎన్ని స్లైడులను చదవలేనని వదిలేసిందో కూడా ఆ ప్రకటనలోనే ఉండాలి. అలా వదిలేసిన ప్రతి స్లైడుకూ, ఆ రోగిని మళ్లీ పిలిపించి ఇంకో తెమడ తీసుకునే బాధ్యత ఎవరిదో టెండరులోనే రాయాలి.