సారా అంగడి ఎవరి చేతిలో?

బస్తరులో వారపు సంత సాగే చోట ఒక ప్రక్కగా స్త్రీలు కుండలు ముందుంచుకొని వరుసగా కూర్చుంటారు. ఒకరి వద్ద ఇప్పసారా, మరొకరి వద్ద బియ్యం పులియబెట్టి చేసిన లాందా, వేరొకరి వద్ద సల్ఫీ. మన మన్యంలో జీలుగు కల్లు అనేది ఈ సల్ఫీనే. ఆకు దొన్నెలలో పోసి ఇస్తారు. పెద్దల పేర, దేవర పేర నాలుగు చుక్కలు నేలపై చిలికించి త్రాగడం ఆచారం. వేసవి తొలినాళ్ళలో వేకువజామున చెట్ల క్రింద ఇప్పపువ్వు ఏరిన చేతులే ఆ సారాను కాస్తాయి. సంతలో వచ్చిన కొద్దిపాటి సొమ్ము ఇంటి ఖర్చుకు ఆసరా.

చట్టం దృష్టిలో ఆమె వ్యాపారి కాదు. షెడ్యూల్డు ప్రాంతాల ఆదివాసులు సొంత వాడకానికి పరిమితంగా సారా కాచుకోవచ్చును, అమ్మరాదు. అమ్మే హక్కు లైసెన్సు గల అంగడిదే. ఆ అంగడి సర్కారు చేతిలో ఉండాలా, ప్రైవేటు వారి చేతిలో ఉండాలా అన్నదే దేశంలో పలుచోట్ల సాగుతున్న వివాదం.

ఛత్తీస్‌గఢ్‌లో 2017 వరకు చిల్లర మద్యం వ్యాపారం ప్రైవేటు కంట్రాక్టర్లది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే ఒక కార్పొరేషన్ ద్వారా అంగళ్ళు నడపసాగింది. లైసెన్సుకు పెట్టిన సొమ్ము రాబట్టుకొనే తొందరలో కంట్రాక్టరు ‘కోచియా’లనే దొంగచాటు అమ్మకందార్ల ద్వారా ఊరూరికీ సీసాలు చేరవేస్తాడనీ, సర్కారు ఉద్యోగికి ఆ ఆత్రం ఉండదనీ సమర్థకుల వాదం. వాదం సబబుగానే ఉన్నది. అయితే 2019–22 మధ్య ఆ సర్కారు అంగళ్ళ ద్వారానే లెక్కకెక్కని మద్యం అమ్ముడుపోయిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపించింది. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానాలు. కాని ప్రభుత్వం బోర్డు కట్టినంత మాత్రాన అంగడిపై నిఘా అక్కరలేదని ఎవరూ అనలేరు.

పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ రెండు దారులూ త్రొక్కి చూసింది. 2019 అక్టోబరు 1న అంగళ్ళను ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. 2024 అక్టోబరు 16న తిరిగి ప్రైవేటు వారికి అప్పగించింది. 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు వచ్చాయి. తిరిగి ఇవ్వని రుసుము దరఖాస్తుకు రెండు లక్షలు. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు దాదాపు 1,800 కోట్ల రూపాయలు చేరాయన్నమాట! ఇంత పెట్టుబడికి సిద్ధపడినవారు అమ్మకం తగ్గాలని కోరుకుంటారా? పోనీ, ఆ రాబడికి అలవాటుపడిన ఖజానా మాత్రం కోరుకుంటుందా?

వివాదంలోని అసలు చిక్కు ఇదే. స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ నగరం 1865లో దీనికొక పరిష్కారం వెదికింది. సారా లైసెన్సులను ఒక సంస్థకు అప్పగించి, వాటాదార్లకు పరిమితమైన వడ్డీ మాత్రమే ఇచ్చి, మిగిలిన లాభాన్ని నగరానికి మళ్ళించింది. అమ్మేవాడికి ఎక్కువ అమ్మాలనే ఆశ లేకుండా చేయడం దాని పరమార్థం. 1955లో ఏర్పడిన ఆ దేశపు ప్రభుత్వ మద్య సంస్థ కూడా ఈ సూత్రాన్నే అనుసరిస్తున్నది. ఎక్కువ కొన్నవారికి తగ్గింపు ధర లేదు. ఆదివారం అంగడి తెరవరు. యాజమాన్యం కన్నా ఉద్దేశం ముఖ్యమని ఆ అనుభవం చెబుతున్నది.

బస్తరుకు ఈ పాఠం కొత్త కాదు. సారా మీద, కల్లు మీద పైవారి పెత్తనం కొండజాతులకు ఎంత బాధాకరమో చరిత్రలోనే ఉన్నది. గోదావరి మన్యంలో 1879 నాటి రంప తిరుగుబాటుకు, ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని అడ్డుకొన్న ఆబ్కారీ నిబంధనలూ, చిగురు పన్నూ ముఖ్య కారణాలు. 1910లో బస్తరులో చెలరేగిన భూంకాల్‌కు అడవుల రిజర్వేషను, వెట్టిచాకిరీలతోపాటు సారా కాచుకోవడంపై ఆంక్షలూ తోడయ్యాయి.

ఈ అనుభవాలు పూర్తిగా వృథా కాలేదు. ఆదివాసి ప్రాంతాలలో మద్యం వాణిజ్యాన్ని నిలిపివేయాలని కేంద్ర ప్రభుత్వం 1975లోనే రాష్ట్రాలకు మార్గదర్శక సూత్రాలు పంపింది. 1996 నాటి ‘పెసా’ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలన్నది.

ఆ అధికారం కాగితం దిగి ఊరిలోకి రావాలి. ఇప్పపువ్వుతో అంతా మేలేనని చెప్పలేము. త్రాగుడు వల్ల గుల్లయిన గుడిసెలు బస్తరులోనూ ఉన్నాయి. ఆ బరువు మోసేది ఎక్కువగా స్త్రీలే. తమ ఊరికి అంగడి వలెనా, వలదా అన్నది వారికన్నా బాగా ఎవరు చెప్పగలరు? నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, సారా పాట ఎవరు దక్కించుకోవాలని అడగలేదు; సారాయే వద్దన్నారు. వారితో మొదలైన ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

అంగడి తాళంచెవి కంట్రాక్టరుకా, కార్పొరేషనుకా అన్న తగవు ఎంతకాలమైనా సాగవచ్చు. ఆ అంగడి తెరవాలో వద్దో అడగవలసినది మాత్రం ఊరిని.