అన్నప్రాశన మర్నాడు

ముహూర్తం చూశాం, పరమాన్నం వండాం, బిడ్డ నోటికి తాకించి ఫొటోలు దిగాం. మరి మర్నాడు ఏం పెట్టాలి? ఈ సంచిక ఆ మర్నాటి కోసం.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. ఆ తర్వాత పాలతోపాటు తిండీ కావాలి. బిడ్డ పుడుతూ ఒంట్లో తెచ్చుకున్న ఇనుము అప్పటికి తరిగిపోతుంది. అయినా అరగదన్న భయంతో ఎనిమిదో నెలలోనూ పప్పుకట్టు, గంజితేట పోసే ఇళ్లు చూస్తే నాకు బాధగా ఉంటుంది. బిడ్డ పొట్ట చిన్నది. దాన్ని నీళ్లతో నింపితే బలం ఎక్కడి నుంచి వస్తుంది? తిండి చెంచా వంచినా జారనంత చిక్కగా ఉండాలి.

మా అమ్మ బియ్యం, పెసరపప్పు కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి రవ్వ పట్టించేది. ఆ ఉగ్గు ఉడికేటప్పటి కమ్మటి వాసన ఇంకా గుర్తే. పైన ఓ నెయ్యిచుక్క. ఏ డబ్బా పొడీ దానికి సాటి రాదని నా నమ్మకం. అయితే ఉగ్గు ఒక్కటే సరిపోదు. గుడ్డు, చేప, మాంసం లాంటివి ఆరు నెలల నుంచే రోజూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. ఉప్పు ఏడాది దాకా, పంచదార రెండేళ్ల దాకా వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాలుకకు రాయడం కూడా వద్దు, అందులో ఉండే అవకాశమున్న బొట్యులిజం క్రిమి పసిపేగులకు ప్రమాదం.

కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది, పదిసార్లు పట్టొచ్చు. ఇవాళ ఉమ్మేసిన గుమ్మడికాయ ముద్దను ఎల్లుండి మళ్లీ పెట్టండి.